ప్రత్యేక విద్యోపాధ్యాయులు: శిక్షణ, పట్టిక నమోదు, నియామకార్హత (భారతదేశము)

నిర్వచనము, పరిధి

దృష్టి, వినికిడి, వాక్కు, బుద్ధివికాసము, చలనము మొదలైనవానిలో లోపము గలిగి, సాధారణ బోధనచే మాత్రమే విద్యను పూర్ణముగా గ్రహింపజాలని బాలబాలికలకు, వారి వారి శక్తులను ముందుగా పరీక్షించి, తదనుగుణముగా పాఠ్యాంశమును, పద్ధతిని, పరికరములను మార్చి బోధించుటకు శాస్త్రీయముగ శిక్షణ పొందినవారిని ప్రత్యేక విద్యోపాధ్యాయులందురు. వ్యవహారమున వీరిని స్పెషల్ ఎడ్యుకేటర్లనియు, స్పెషల్ టీచర్లనియు, తెలుగు రాష్ట్రముల సమగ్ర శిక్షా పథకమున పనిచేయువారిని ఐ.ఇ.ఆర్.పి.లు (సమ్మిళిత విద్యా రిసోర్స్ పర్సన్లు) అనియు పిలుచుచున్నారు. వాక్చికిత్సకులు, శ్రవణశాస్త్రజ్ఞులు, ఫిజియోథెరపిస్టులు వీరితో కలసి పనిచేయుదురు గాని, వారి వృత్తులు వేరు, విద్యార్హతలు వేరు (చూ. వాక్ శ్రవణ చికిత్స).

భారతదేశమున ఈ వృత్తిని చేపట్టగోరువారు మూడు దశలను దాటవలసియుండును. భారత పునరావాస పరిషత్తు గుర్తించిన శిక్షణలో ఉత్తీర్ణులగుట మొదటిది. ఆ పరిషత్తు నిర్వహించు కేంద్ర పునరావాస పట్టికలో పేరు నమోదు చేయించుకొనుట రెండవది. ప్రభుత్వోద్యోగమును కోరినచో ఉపాధ్యాయ అర్హత పరీక్షయు (టెట్), తదుపరి నియామక పరీక్షయు మూడవది. మొదటి రెండును పరిషత్తు అధీనమునను, మూడవది జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, రాష్ట్ర ప్రభుత్వముల అధీనమునను ఉన్నందున, అభ్యర్థులు పలువురు ఒకదానిని మరొకదానిగా భ్రమపడుచుందురు. పట్టిక నమోదు వృత్తి నిర్వహణకు అనుమతి. టెట్ ఉత్తీర్ణత నియామకమునకు అర్హత. ఒకటి రెండవదానికి బదులు కాజాలదు.

చరిత్ర

ఈ దేశమున బధిరులకును, అంధులకును ప్రత్యేక పాఠశాలలు 19వ శతాబ్ది చివరి భాగమున వెలసినవి. బొంబాయిలో 1880ల దశకమున బధిర పాఠశాలయు, 1887లో ఆనీ షార్ప్ అను మిషనరీ వనిత పూనికతో అమృతసర్‌లో అంధ పాఠశాలయు, 1893లో కలకత్తాలో మరియొక బధిర పాఠశాలయు ఏర్పడెను. అమృతసర్ పాఠశాల పిదప డెహ్రాడూనుకు తరలింపబడినది. బుద్ధిమాంద్యము గల బాలుర విషయమున ఆలస్యము మిక్కుటము. బొంబాయిలోని జయ్ వకీల్ పాఠశాల 1944లో గాని ప్రారంభము కాలేదు. ఈ తొలి విద్యాలయములందలి ఉపాధ్యాయులు గురుశిష్య పరంపరగా, పెద్దల చెంత పనిచేయుచు నేర్చినవారే గాని, ఏకరూపమైన పట్టమును పొందినవారు కారు.

1944 నాటి సార్జంట్ నివేదిక వికలాంగ బాలల విద్యను జాతీయ విద్యావ్యవస్థలో అంతర్భాగముగ గణింపవలెనని సూచించినది. 1964-66 నాటి కొఠారీ కమిషను మరియొక అడుగు ముందునకు వైచి, సాధ్యమైనంతవరకు ఈ బాలలను సాధారణ పాఠశాలలలోనే చదివించుట మేలని పలికెను. దీనికి కార్యరూపముగ 1974లో కేంద్ర ప్రభుత్వము వికలాంగ బాలల సమీకృత విద్యా పథకమును ప్రవేశపెట్టగా, అంతవరకు పట్టణములందలి ప్రత్యేక పాఠశాలల గోడలకు లోబడియున్న ఈ వృత్తి సామాన్య పాఠశాలకు విస్తరించుటయు, శిక్షితులైన ఉపాధ్యాయుల కొఱత బయటపడుటయు ఏకకాలమున జరిగినవి.

శిక్షణ సంస్థలు క్రమముగా పెరిగినవి. దృష్టి వైకల్యమునకు డెహ్రాడూను, వినికిడి లోపమునకు బొంబాయి, మేధో వైకల్యమునకు సికింద్రాబాదు కేంద్రములైనవి. సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో 1984లో స్థాపితమైన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ, నేడు జాతీయ మేధో దివ్యాంగజన సాధికారతా సంస్థ అను పేరున వ్యవహరింపబడుచున్నది. భారతీయ బాలల శక్తిని అంచనా కట్టుటకు ఈ సంస్థ రూపొందించిన పరీక్షా పత్రములను ఈనాటికిని దేశమందలి ప్రత్యేక పాఠశాలలు వాడుచున్నవి.

సంస్థలు పెరిగినను ప్రమాణము ఏర్పడలేదు. ఒకచోట కొన్ని మాసముల శిక్షణ, మరొకచోట సంవత్సరపు డిప్లొమా, ఒక్కొక్కచోట ఒక్కొక్క పాఠ్యక్రమము. ఏ పట్టము దేనికి సమానమో నిర్ణయించు అధికారి లేడు. ఈ లోపమును సవరించుటకే 1986లో పునరావాస పరిషత్తు ఒక రిజిస్టర్డు సంఘముగ ఏర్పడినది. సంఘమునకు శిక్షించు అధికారము లేదు గనుక, 1992లో పార్లమెంటు భారత పునరావాస పరిషత్తు శాసనమును చేసెను. 1993 జూన్ 22 నుండి పరిషత్తు చట్టబద్ధ సంస్థయైనది. 2000లో ఈ శాసనము సవరింపబడినది. శాసనమునకు పూర్వమే వృత్తిలో ఉండి, గుర్తింపు పొందిన పట్టము లేనివారిని ఒక్కసారిగా బయటికి పంపుట న్యాయము కాదు, సాధ్యమును కాదు. వారికొఱకు 1998లో స్వల్పకాలిక సేతు శిక్షణ ఏర్పాటు చేయబడినది.

శాసనాధారములు

ప్రత్యేక విద్యోపాధ్యాయుని వృత్తికి సంబంధించిన మూలశాసనము 1992 నాటిదే యైనను, అతని అవసరమును కల్పించినవి వేరు శాసనములు. 1995 నాటి వికలాంగుల శాసనము ఏడు విధముల వైకల్యములను గుర్తించగా, దాని స్థానమున వచ్చి 2017 ఏప్రిల్ 19 నుండి అమలైన 2016 నాటి దివ్యాంగుల హక్కుల శాసనము 21 విధములను గుర్తించినది. ఆటిజము, విశిష్ట అభ్యసన వైకల్యము మున్నగునవి దీనితో స్పష్టమైన చట్టరక్షణ పొందినవి. 40 శాతమునకు తక్కువ కాని వైకల్యము గల బాలలకు 6 నుండి 18 ఏండ్ల వరకు ఉచిత విద్యా హక్కును ఈ శాసనమే ప్రసాదించుచున్నది. సంజ్ఞా భాషయందును, బ్రెయిలీయందును అర్హత గల ఉపాధ్యాయులను, వారిలో వైకల్యము గలవారిని సైతము, శిక్షణ ఇచ్చి నియమింపవలెనని 17వ సెక్షను విధించుచున్నది.

2009 నాటి విద్యా హక్కు శాసనము ఉపాధ్యాయుల కనీసార్హతలను నిర్ణయించు బాధ్యతను జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలికి అప్పగించెను. 2010 ఆగస్టు 23 నాటి ప్రకటనలో ఆ మండలి, ప్రత్యేక విద్యలోని డిప్లొమాలు, డిగ్రీలు పునరావాస పరిషత్తు గుర్తించినవియైననే చెల్లునని స్పష్టపరచినది. రెండు వ్యవస్థలను కలుపు ముడి ఇదియే.

కోర్సులు, ప్రవేశార్హతలు

డిప్లొమా స్థాయి: ఇంటర్మీడియట్ పూర్తిచేసి కనీసము 50 శాతము మార్కులు పొందినవారు రెండేండ్ల డి.ఎడ్. ప్రత్యేక విద్య కోర్సులో చేరవచ్చును. చివర పునరావాస విద్యా జాతీయ పరీక్షా మండలి నిర్వహించు పరీక్ష ఉండును. ఈ పట్టము ప్రాథమిక తరగతుల బోధనకు ఉద్దిష్టము.

డిగ్రీ స్థాయి: పట్టభద్రులకు ఉద్దిష్టమైనది రెండేండ్ల బి.ఎడ్. ప్రత్యేక విద్య. పూర్వము ఒక్క సంవత్సరముగా నున్న ఈ కోర్సు 2015 నుండి రెండేండ్లైనది. విశ్వవిద్యాలయములు పట్టమును ప్రదానము చేయుచుండగా, పాఠ్యక్రమమును, బోధకుల సంఖ్యను, ప్రయోగశాలలను పరిషత్తు నిర్ణయించును. హైదరాబాదులోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము దూరవిద్య ద్వారా సైతము ఈ పట్టమును ఇచ్చుచు వచ్చినది. 2020 నాటి జాతీయ విద్యా విధానము సంకల్పించిన నాలుగేండ్ల సమీకృత ఉపాధ్యాయ విద్యను అనుసరించి, 2024-25 నుండి నాలుగేండ్ల కోర్సుకే గుర్తింపునిత్తునని పరిషత్తు 2024 జనవరిలో ప్రకటించినది.

స్నాతకోత్తర స్థాయి: బి.ఎడ్. ప్రత్యేక విద్య ముగించినవారికి రెండేండ్ల ఎం.ఎడ్. కలదు. శిక్షణ కళాశాలలలో బోధకులు కాదలచినవారికి ఇది ఆవశ్యకము.

పరిషత్తు గుర్తింపును సంస్థ సంస్థకును, కోర్సు కోర్సుకును, నియతకాలమునకు ఇచ్చునే గాని, ఒకసారి పొందినది శాశ్వతము కాదు. కళాశాల పేరు ఎంత ప్రసిద్ధమైనను, గుర్తింపు లేని సంవత్సరమున చేరినవారికి పట్టికలో చోటు దొరకదు. ప్రవేశమునకు ముందు పరిషత్తు ప్రకటించు జాబితాను చూచుకొనని అభ్యర్థులు ఉత్తీర్ణులైన పిమ్మట చిక్కులలో పడుట అరుదు కాదు.

శిక్షణ స్వరూపము

2015 నాటి బి.ఎడ్. పాఠ్యక్రమమున శిశు వికాసము, సమకాలిక భారతీయ విద్య మొదలైన సామాన్య విషయములును, పాఠశాలా విషయముల బోధనా పద్ధతులును, ఇంద్రియ వైకల్యములు, నాడీ వికాస వైకల్యములు, చలన బహుళ వైకల్యములు అను మూడు వర్గముల ప్రవేశ పరిచయమును ఉండును. తరువాతి భాగమున విద్యార్థి ఎన్నుకొన్న ఒక్క వైకల్యమునందు గాఢశిక్షణ జరుగును. ఆ శాఖాభేదమే ఈ విద్యకు ప్రాణము గనుక దానిని కొంత విపులముగా చెప్పవలసియున్నది.

దృష్టి వైకల్య శాఖయందు ఛాత్రోపాధ్యాయుడు ముందుగ బ్రెయిలీని తానే చేతితో వ్రాయ నేర్వవలెను. పలకయు, మొనగల సాధనమును ఉపయోగించి వ్రాయునపుడు కాగితమును వెనుకనుండి పొడిచెదరు గనుక, కుడినుండి ఎడమకు వ్రాసి, కాగితమును త్రిప్పి ఎడమనుండి కుడికి చదువవలసియుండును. 1951లో నిర్ణయింపబడిన భారతీ బ్రెయిలీయందు భారతీయ భాషలన్నిటను సమాన ధ్వనికి సమాన చుక్కలే ఉండుటచే, తెలుగు బ్రెయిలీ నేర్చినవారికి హిందీ బ్రెయిలీ అక్షరములు క్రొత్తవి కావు (చూ. బ్రెయిలీ లిపి). గణితమునకు టేలర్ చట్రము, అబాకస్, సంచారమునకు తెల్లకఱ్ఱ, శబ్దముల ఆధారముగ దిక్కులను గుర్తించుట ఇందు బోధింపబడును. కొంత చూపు మిగిలియున్న బాలునకు బ్రెయిలీ నేర్పుటయా, పెద్ద అక్షరముల పుస్తకమిచ్చుటయా అను నిర్ణయము ఉపాధ్యాయుని వివేకమునకు పరీక్ష.

వినికిడి లోప శాఖయందు ఆడియోగ్రామును చదువుట, శ్రవణ యంత్రపు బ్యాటరీని, చెవి అచ్చును ప్రతిదినము పరీక్షించుట, భారతీయ సంజ్ఞా భాష, వాక్ శిక్షణ ప్రధానాంశములు. డేనియల్ లింగ్ అను శాస్త్రవేత్త ఏర్పరచిన ఆరు ధ్వనుల పరీక్ష తరగతి గదిలో నిత్యము జరుగును: ఉపాధ్యాయుడు తన పెదవులు కనబడకుండ ఆ, ఊ, ఈ, ష్, స్, మ్ అను ధ్వనులను పలుకగా బాలుడు వినినట్లు సూచింపవలెను. అన్ని మాటలందలి ధ్వనుల హెచ్చుతగ్గుల పౌనఃపున్యములను ఈ ఆరును ఇంచుమించుగ ఆవరించును గనుక, ఏ ధ్వని వినబడలేదో దానినిబట్టి యంత్రలోపము గాని, వినికిడి మార్పు గాని ఊహింపవచ్చును. సంజ్ఞా భాషకును, వాచిక పద్ధతికిని ఉపాధ్యాయులలో చిరకాలముగ వాదము సాగుచున్నది. శిక్షణ సంస్థలు ఇప్పుడు రెండింటిని బోధించుచున్నవి.

మేధో వైకల్య శాఖ పద్ధతి వేరు. ఇందు పాఠ్యగ్రంథము కంటె జీవనకృత్యము ముఖ్యము. చొక్కా తొడుగుకొనుట వంటి పనిని చిన్న చిన్న మెట్లుగా విభజించి, ఒక్కొక్క మెట్టును అభ్యసింపజేయుదురు. కొన్ని పనులకు చివరి మెట్టును ముందు నేర్పి, పని పూర్తియైన ఆనందమును బాలునకు తొలిదినముననే కలిగింతురు. ప్రవర్తనా సమస్యల కారణములను ఆరసి మార్చుట, ఆటిజము గల బాలలకు దినచర్యను బొమ్మల వరుసగ చూపుట, సెరిబ్రల్ పాల్సీ గలవారిని సరియైన భంగిమలో కూర్చుండబెట్టి చేతులకు స్వేచ్ఛ కల్పించుట ఈ శాఖతోను, దాని సోదర శాఖలతోను చేరినవి.

అన్ని శాఖలకును సామాన్యమైనది వ్యక్తిగత విద్యా ప్రణాళిక. బాలుని ప్రస్తుత స్థితి, సంవత్సర లక్ష్యము, స్వల్పకాలిక లక్ష్యములు, పద్ధతి, మూల్యాంకనము ఇందుండును. తల్లిదండ్రులతో చర్చింపక వ్రాసిన ప్రణాళిక కాగితమునకే పరిమితమగుచుండుట పలుచోట్ల కనబడు లోపము. అభ్యాస బోధన ప్రత్యేక పాఠశాలలోను, సమ్మిళిత పాఠశాలలోను జరుగును.

కేంద్ర పునరావాస పట్టిక, నమోదు

పరిషత్తు 16 వర్గముల పునరావాస వృత్తినిపుణులను నమోదు చేయుచున్నది. వారిలో ప్రత్యేక విద్యోపాధ్యాయులు ఒక వర్గము. గుర్తింపు గల పట్టమును పొందినవారు మార్కుల పత్రములతోను, రుసుముతోను దరఖాస్తు చేసినచో వారికొక సంఖ్య లభించును. వాడుకలో దీనిని సి.ఆర్.ఆర్. నంబరందురు.

శాసనపు 13వ సెక్షను ప్రకారము, పట్టికలో లేనివారు ప్రభుత్వ, స్థానిక సంస్థలలో పునరావాస నిపుణులుగ ఉద్యోగము చేయుటకు గాని, దేశమున ఎక్కడను వృత్తిని నిర్వహించుటకు గాని, ధ్రువపత్రములపై సంతకము చేయుటకు గాని, న్యాయస్థానమున నిపుణుడుగ సాక్ష్యమిచ్చుటకు గాని అర్హులు కారు. అతిక్రమించినవారికి ఒక సంవత్సరము వరకు కారాగారము, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. 1992లో నిర్ణయించిన ఆ వెయ్యి రూపాయలు నేటి పరిస్థితులలో భయము కలిగించునంతటి మొత్తము కాదు.

నమోదు ఐదేండ్లకొకసారి పునరుద్ధరింపబడవలెను. ఆ కాలమున పరిషత్తు ఆమోదించిన నిరంతర పునరావాస విద్యా కార్యక్రమములకు హాజరై నిర్ణీత సంఖ్యలో పాయింట్లను కూడబెట్టుకొనిననే పునరుద్ధరణ లభించును. సాధారణ బి.ఎడ్. పట్టమునకు ఇట్టి కాలపరిమితి లేదు. ఈ రెండు ఉపాధ్యాయ వర్గములకు గల ముఖ్యభేదము ఇదియే.

టెట్, నియామకము

కేంద్ర, రాష్ట్ర ఉపాధ్యాయ అర్హత పరీక్షలు 150 మార్కులకు జరుగును. 60 శాతము సామాన్య ఉత్తీర్ణతా ప్రమాణము. తెలుగు రాష్ట్రములలో వెనుకబడిన తరగతులకు 50, షెడ్యూల్డు కులములకు, తెగలకు, దివ్యాంగులకు 40 శాతము. పూర్వము ఏడేండ్లు మాత్రమే చెల్లిన టెట్ పత్రము 2021 నుండి జీవితకాలము చెల్లుచున్నది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రత్యేక విద్యకు 1-బి, 2-బి అను వేరు పేపర్లు గలవు. మొదటిది సెకండరీ గ్రేడ్ అభ్యర్థులకు, రెండవది స్కూల్ అసిస్టెంట్లకు. డీఎస్సీ అను నియామక పరీక్ష తుది జాబితాలో ఆ పరీక్షకు 80, టెట్‌కు 20 శాతము ప్రాధాన్యము.

తెలంగాణ 2024 డీఎస్సీ ప్రకటనలోని 11,062 ఉద్యోగములలో 220 ప్రత్యేక విద్య స్కూల్ అసిస్టెంట్లకును, 796 ప్రత్యేక విద్య సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయులకును కేటాయింపబడెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2025లో 2,260 ప్రత్యేక విద్యోపాధ్యాయ పదవులను సృజించినది. ఈ పరిణామముల వెనుక సుప్రీంకోర్టు తీర్పు కలదు. రజనీష్ కుమార్ పాండే వ్యాజ్యమున 2021 అక్టోబరు 28న న్యాయస్థానము ప్రత్యేక బాలలకు ఉపాధ్యాయ నిష్పత్తిని నిర్ణయింపవలెనని ఆదేశింపగా, కేంద్రము 2022 జూన్‌లో ప్రాథమిక స్థాయిని పదిమంది బాలలకును, ప్రాథమికోన్నత స్థాయిని పదునేనుగురికిని ఒక్కొక్క ప్రత్యేకోపాధ్యాయుడుండవలెనని ప్రకటించినది. ఆచరణలో జాప్యమును గమనించిన న్యాయస్థానము 2025 మార్చిలో, పదవుల సంఖ్యను ప్రకటింపవలెనని రాష్ట్రములను మరల ఆదేశించెను.

ఈ నియామకములకు పూర్వము తెలుగు రాష్ట్రములలో ఈ సేవ ప్రధానముగ కాంట్రాక్టు పద్ధతిపై మండలములందలి భవిత అను సమ్మిళిత విద్యా కేంద్రముల ద్వారా నడిచినది (చూ. సమగ్ర శిక్ష). కేంద్రమునకు రాజాలని తీవ్ర వైకల్యము గల బాలల ఇంటికే ఉపాధ్యాయుడు వెళ్ళి బోధించుట వీరి విధులలో ఒకటి. ప్రయివేటు రంగమున కేంద్ర మాధ్యమిక విద్యా మండలి తన అనుబంధ పాఠశాలలలో ప్రత్యేక విద్యోపాధ్యాయుని నియామకమును నియమముగ విధించినది.

ఏక వైకల్య ప్రావీణ్యము, సమ్మిళిత పాఠశాల

శిక్షణ ఒక్క వైకల్యమునందు. పట్టిక నమోదు ఆ శాఖ పేరుననే. ఉద్యోగము మాత్రము సకల వైకల్యములు గల బాలల నడుమ. వినికిడి లోప శాఖయందు చదివిన ఉపాధ్యాయిని మండల కేంద్రమున అంధబాలునకు బ్రెయిలీని, ఆటిజము గల బాలికకు సంభాషణను నేర్పవలసివచ్చుచున్నది. గాఢప్రావీణ్యమును సడలించినచో బ్రెయిలీ, సంజ్ఞా భాష వంటి దీర్ఘాభ్యాస సాధ్యములైన విద్యలు పలుచనగునని ఒక వర్గమును, ప్రతి గ్రామమునకు ఐదారుగురు శాఖానిపుణులను పంపుట అసాధ్యము గనుక బహుశాఖా శిక్షణయే శరణ్యమని మరియొక వర్గమును వాదించుచున్నవి. రెండు వాదములకును ఆధారములు గలవు. అయినను బ్రెయిలీ చదువజాలని ఉపాధ్యాయుడు అంధబాలుని నోటుపుస్తకమును దిద్దజాలడను సంగతిని రెండవ పక్షమువారు తేలికగ దాటివేయుచున్నారు. జాతీయ విద్యా విధానము పునరావాస పరిషత్తు, ఉపాధ్యాయ విద్యా మండలుల పాఠ్యక్రమములకు పొందిక కల్పింపవలెనని సూచించినది.

ఇతర దేశములందలి పద్ధతులు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1975 నాటి శాసనము వికలాంగ బాలలందరికిని ఉచిత విద్యను, వ్యక్తిగత విద్యా ప్రణాళికను విధించినను, ఉపాధ్యాయ లైసెన్సు మాత్రము రాష్ట్ర రాష్ట్రమునకు వేరు. పలు రాష్ట్రములు ప్రాక్సిస్ పరీక్షలను కోరును. భారతీయ పట్టముతో అచ్చటికి వెళ్ళిన తెలుగు ఉపాధ్యాయులు ముందుగ తమ పట్టములకు తుల్యతా పరిశీలనను చేయించుకొనవలెను, సి.ఆర్.ఆర్. సంఖ్య అచ్చట లైసెన్సుకు బదులు చెల్లదు. ఇంగ్లండులో ప్రత్యేక పాఠశాలకు వేరు లైసెన్సు లేదు గాని, బధిరుల, అంధుల, బధిరాంధుల తరగతులను బోధించువారికి అదనపు పట్టము తప్పనిసరి. విదేశీ పట్టముతో భారతదేశమునకు మరలివచ్చువారి విషయమున, పరస్పర గుర్తింపు ఏర్పాటు గల దేశముల పట్టములకే పరిషత్తు శాసనము నమోదుకు దారి చూపుచున్నది.